మూతపడిన మిల్లులు - మారుతున్న నగరాలు : ఒక పరిశీలన

అర్థశాస్త్రంలో భాటక సిద్ధాంతాన్ని బోధించేటప్పుడు రికార్డో చెప్పిన ధాన్యపు భూముల ఉదాహరణతో ప్రారంభించడం పరిపాటి. సారవంతమైన నేలకు భాటకం వస్తుంది, ఉపాంత భూమికి రాదు, అంతటితో పాఠం ముగుస్తుంది. ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, "పొలం సంగతి అర్థమైంది సార్. ఊరి నడిబొడ్డున మిల్లు మూతపడితే ఆ నేలకు పెరిగిన విలువ ఎవరికి చెందాలి?" అని అడిగాడు. గంట మోగింది గనుక మేము తప్పించుకోగలిగాము గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ వ్యాసం ఆ విద్యార్థికి మేము బాకీపడిన సమాధానం. ఇందుకు బొంబాయి మహానగరాన్ని ప్రధానోదాహరణగా స్వీకరిస్తున్నాము. ఆ నగర చరిత్రలో ఈ ప్రశ్న పుస్తకాలలో నుండి వీథిలోకి, వీథి నుండి సుప్రీంకోర్టుకు నడిచివెళ్లింది.

బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకు కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో శ్రీకారం చుట్టాడు. 1856లో తార్‌దేవ్ వద్ద ఉత్పత్తి మొదలైంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861-65) లాంకషైరుకు అమెరికా ప్రత్తి అందకపోవడంతో మన ప్రత్తి ధర ఆకాశాన్నంటింది. ఆ వ్యాపారంలో పోగుపడిన ధనంలో కొంత మిల్లుల రూపం దాల్చింది. రేవు, రైలు, ప్రత్తి బజారు, కూలీలు అన్నీ ఒకేచోట లభించడం వల్ల పరేల్, లాల్‌బాగ్, భాయ్‌ఖళా, వర్లీ ప్రాంతాలు క్రమంగా మిల్లుల ఊరుగా మారాయి. మరాఠీలో మిల్లును 'గిరణి' అంటారు. కాబట్టి ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్ అనే పేరు స్థిరపడింది. అర్థశాస్త్రంలో బాహ్య ఆదాలంటే ఏమిటో తెలుసుకోగోరే విద్యార్థికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

ఆ మిల్లులు బొంబాయి వారివి మాత్రమే కావు. కొంకణ తీరం నుండి, సతారా నుండి వచ్చినవారు అధిక సంఖ్యాకులైనా, నేత విభాగంలో ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన మోమిన్ అన్సారీ నేతగాండ్లు పేరుగాంచారు. వారు స్థిరపడిన మదన్‌పురా నేటికీ ఉర్దూ వినిపించే పేట. తెలంగాణా జిల్లాల నుండి పద్మశాలీలు మగ్గం గుంటలు విడిచి వలసవెళ్లి మిల్లు సాంచాల వద్ద నిలబడ్డారు. అంతకుముందే ఇళ్లు, రోడ్లు కట్టడానికి వెళ్లిన మన కూలీలను అక్కడివారు 'కామాఠీ'లన్నారు. కామాఠీపురా అనే పేరు వారివల్ల వచ్చినదే. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు బల్లలు ఒకే కప్పు క్రింద ఉన్నట్లే ఆ మిల్లులలో ఈ రెండు భాషలు మరాఠీతో కలిసి ఒకే సైరన్ కూతకు కదిలాయి. ఈ వ్యాసానికి బొంబాయిని ఎన్నుకోవడంలో ఈ బంధుత్వం కూడా ఒక కారణమని ఒప్పుకొంటున్నాము.

ఇక కట్టడం సంగతి. పాత మిల్లును చూసినప్పుడు మనకు పొగగొట్టం, మాసిన గోడ మాత్రమే కనిపిస్తాయి. కాని ఆ కట్టడంలోని ప్రతి అంశానికీ ఒక హేతువు కలదు. వడుకు యంత్రాలను అంతస్తుల మీద అంతస్తులుగా పేర్చవచ్చు, అందువల్ల వడుకు విభాగానికి పొడవైన బహుళాంతస్తుల మేడ కట్టేవారు. మగ్గాల అదురును పై అంతస్తులు తట్టుకోవడం కష్టం గనుక నేత విభాగం నేలమీదనే విశాలమైన షెడ్డుగా వెలిసేది. ఆ షెడ్డు కప్పు రంపపు పళ్లవలె ఉంటుంది. ఒక్కొక్క పంటికి అద్దాలు అమర్చిన ముఖం ఉత్తర దిక్కుకు తిరిగి ఉంటుంది. దారం తెగినది లేనిది కంటికి ఆనాలంటే వెలుతురు కావాలి, ఎండ పడరాదు. మన దేశంలో దక్షిణపు ఎండను తప్పించి వెలుతురును మాత్రం లోనికి రానిచ్చే ఉపాయం అది. బాయిలరుకు నీరు కావాలి, అందుకని ఆవరణలో ఒక చెరువు. పోత ఇనుప స్తంభాలు, మందమైన గోడలు, బరువు మోయగల నేలలు. వెరసి ఆ కట్టడం విశాలమైనది, వెలుతురు గలది, దృఢమైనది. ఇటువంటి లక్షణాలే గ్రంథాలయానికి, వృత్తి శిక్షణ కేంద్రానికి, చిత్రశాలకు, చిన్న కార్ఖానాలకు, కార్యాలయాలకు కావలసినవి. పాత పరిశ్రమల భవనాలు కొత్త పనులకు తేలికగా ఒదుగుతాయనడంలో మర్మం ఇదే.

అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన నగర జీవన గ్రంథంలో దీనికి ఆర్థిక కారణాన్ని కూడా జోడించింది. కొత్త భవనం కట్టిన ఖర్చు అద్దెలోనే రాబట్టుకోవాలి గనుక దాని అద్దె ఎక్కువ. ఆ అద్దె పెద్ద బ్యాంకులు, పెద్ద దుకాణాలు భరించగలవు. అప్పుడే మొదలుపెట్టిన చిన్న వ్యాపారి, ప్రయోగాలు చేసే కళాకారుడు, మరమ్మతు పనివాడు భరించలేరు. ఖర్చు ఎప్పుడో తీరిపోయిన పాత భవనం మాత్రమే అటువంటివారికి చౌకగా చోటివ్వగలదు. అందుచేత పాత కట్టడాలన్నిటినీ తుడిచివేసిన నగరం రేపటి పరిశ్రమల నారుమడిని తానే దున్నివేసుకున్నట్లవుతుంది. ఈ వాదాన్ని మేము చాలవరకు అంగీకరిస్తాము. ఒక్క సవరణ మాత్రం చేస్తాము. నేల ధర మితిమీరి పెరిగిన చోట పాత భవనం కూడా చౌకగా దొరకదు. అక్కడ గోడ పాతదైనా అద్దె కొత్తదే. బొంబాయిలో జరిగింది ఇదే.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకట్టారు. ఆ సమ్మెను ఎవరూ లాంఛనంగా విరమించలేదు, అది కరిగిపోయింది. మిల్లులను సమ్మె చంపిందని కొందరు, అంతకుముందే కొనఊపిరితో ఉన్న మిల్లులకు సమ్మె ఒక సాకుగా దొరికిందని మరికొందరు అంటారు. యంత్రాలు పాతబడ్డాయి, యజమానులు లాభాలను మరల మిల్లులో పెట్టలేదు, భివండీలో పవర్‌లూములు తక్కువ కూలికి గుడ్డ నేస్తున్నాయి. ఈ మూడు సంగతులూ సమ్మెకు ముందువే కాబట్టి రెండవ వాదమే మాకు సబబుగా తోస్తున్నది.

అసలు ఆట ఆ తరువాత మొదలైంది. మిల్లులు నగరానికి ఒక చివర ఉండిన రోజులు పోయి, నగరం పెరిగి పెరిగి మిల్లుల చుట్టూ అల్లుకున్నది. సుమారు 600 ఎకరాల మిల్లు నేల మహానగరం గుండెలో నిలిచింది. గుడ్డ నేసి సంపాదించే దానికంటె నేల అమ్మి సంపాదించేది ఎన్నో రెట్లు కాగలదని తేలింది. అవకాశ వ్యయం అనే మాటను మేము తరగతిలో ఎంత వివరించినా పట్టుబడనివారికి ఈ ఒక్క వాక్యం చాలు. మిల్లు నడపడమే నష్టమైంది. మిల్లు పాడైనందువల్ల కాదు, దాని క్రింది నేల బంగారమైనందువల్ల. ఆ బంగారాన్ని చేసినదెవరు? రైలు మార్గం వేసినవారు, నీటి గొట్టాలు వేసిన నగరపాలక సంస్థ, నూరేళ్లపాటు అక్కడ నివసించి ఆ పేటలను పేటలుగా నిలిపిన జనం. యజమాని చేయనిదానికి యజమానికి దక్కే ఈ పెరుగుదలనే అర్థశాస్త్రజ్ఞులు అనార్జిత ఆదాయమన్నారు.

దీనిని పంచడానికి 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం బొంబాయి అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 58వ నిబంధనను చేర్చింది. దాని సారాంశం ఇది: మిల్లు ఆవరణలో ఉన్న భవనాలను నిలిపి, లోపల వేరే పనికి వినియోగిస్తే పంపకం లేదు. ఖాళీ నేలను గాని, భవనాలు కూల్చగా వచ్చిన నేలను గాని కొత్త నిర్మాణాలకు వాడదలిస్తే దానిని సుమారు మూడు భాగాలు చేయాలి. ఒక భాగం నగరపాలక సంస్థకు ఉద్యానాల కొరకు, ఒక భాగం గృహనిర్మాణ మండలికి సామాన్యుల ఇళ్ల కొరకు, మిగిలినది యజమానికి.

ఈ నిబంధనలోని సొగసును పాఠకులు గమనించాలి. ఇందులో గోడను నిలిపినవానికి లాభం, కూల్చినవానికి పంపకం. పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం అనే పేరు లేకుండానే అది పరిరక్షణ చట్టంగా పనిచేయగలదు. కాని యజమానులలో కొద్దిమందే ముందుకు వచ్చారు, చాలామంది కాచుకొని కూర్చున్నారు. 1996లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘం ప్రభుత్వరంగ మిల్లుల నేలలను విడివిడిగా కాక ఒక్కటిగా పరిగణించి ప్రణాళిక వేయాలని సూచించింది. ఉద్యానం ఒకచోట, ఇళ్లు ఒకచోట, వీథులు పొందికగా రావాలన్నది దాని భావం. ఆ సూచనలు ఆచరణకు రాలేదు.

2001లో నిబంధనను సవరించారు. సవరణ చిన్నది, 'కూల్చగా వచ్చిన నేల' పంపకంలో నుండి తొలగింది. ఇకమీదట మొదటినుండి ఖాళీగా ఉన్న నేలను మాత్రమే పంచాలి. ఒక లెక్క వేసి చూద్దాం. 30 ఎకరాల మిల్లు ఉన్నదనుకుందాం. అందులో 24 ఎకరాలలో కట్టడాలు, 6 ఎకరాలు ఖాళీ. అన్నీ కూల్చి కొత్తవి కట్టేటట్లయితే పాత నిబంధన ప్రకారం ఉద్యానానికి సుమారు 10, సామాన్యుల ఇళ్లకు సుమారు 10, యజమానికి 10. సవరణ తరువాత ఉద్యానానికి 2, ఇళ్లకు 2, యజమానికి 26. ఈ అంకెలు మేము ఉదాహరణకు తీసుకున్నవే గాని న్యాయం అదే. మిల్లు అంటేనే ఆవరణ నిండా కట్టడం గనుక పంచవలసిన ఖాళీ నేల సహజంగానే స్వల్పం. దీనికి తోడు, కట్టడాన్ని నిలుపుకోవడానికి ఉన్న ఒకే ఒక ఆర్థిక ప్రేరణ కూడా ఆ సవరణతో పోయింది. మేము ఎన్నోమార్లు విద్యార్థులకు చెప్పే మాట ఇక్కడ రుజువైంది: చట్టంలో చదవవలసినది పీఠిక కాదు, నిర్వచనాలు.

బొంబాయి పర్యావరణ కార్యాచరణ బృందం ఈ సవరణను సవాలు చేసింది. 2005 అక్టోబరులో హైకోర్టు ఆ సంస్థ వాదాన్ని ఆమోదించింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి సవరణను సమర్థించింది. ఈలోగానే 2005లో ప్రభుత్వరంగ మిల్లులలో అయిదింటిని వేలం వేశారు. ముంబాయి టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే 702 కోట్ల రూపాయలకు పోయింది.

తరువాతి సంగతి కళ్లకు కనిపించేదే. పొగగొట్టాల స్థానంలో గాజు మేడలు లేచాయి. కొన్నిచోట్ల పొగగొట్టాన్ని అలంకారంగా నిలిపి చుట్టూ అంగళ్లు వేశారు. ఉద్యోగాలు రాలేదని మేము అనము, వచ్చాయి. కాని సాంచా నడిపిన చేతికి కంప్యూటరు ముందు చోటు దొరకలేదు, అతని బిడ్డకు కావలికాపు పనో సరుకులు మోసే పనో దొరికింది. కార్మికుల ఇళ్ల కొరకు లక్షకు పైగా దరఖాస్తులు రాగా 2012లో జరిగిన మొదటి లాటరీలో కేటాయించినవి 6,925.

నగర వ్యూహం అంటే నేల అమ్మకం కాదని తెలిపే సంఘటనలు రెండు 2017లో జరిగాయి. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ రైల్వేస్టేషను మిల్లుల ప్రాంతంలోని స్టేషను. మిల్లుల నేలల్లో వేలాది కార్యాలయోద్యోగులు వచ్చి చేరినా స్టేషను నడకవంతెన మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది. సెప్టెంబరు 29న వానకు జనం ఆ వంతెన మీద ఆగగా జరిగిన తొక్కిసలాటలో 23 మంది మరణించారు. సరిగ్గా మూడు నెలలకు, డిసెంబరు 29న, కమలా మిల్స్ ఆవరణలోని ఒక భవనం పైభాగంలో నడుస్తున్న భోజనశాలలలో నిప్పు అంటుకొని 14 మంది అసువులు బాశారు. ఆవరణను కొత్త పనికి వాడుకోవడం మంచిదే. కాని ఎంతమంది వస్తారు, ఏ దారిన వస్తారు, ఆపద వస్తే ఏ దారిన పోతారు అనే మూడు ప్రశ్నలు అడగకుండా ఇచ్చిన అనుమతి అభివృద్ధి అనిపించుకోదు.

మిల్లుల కాలాన్ని స్వర్ణయుగమని కీర్తించడం మా ఉద్దేశం కాదు. ప్రత్తి దూది ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే బిస్సినోసిస్ వ్యాధి, చాళ్లలో ఒక్క గదికి పదిమంది కాపురం, 'బద్లీ' కార్మికుడు రోజూ గేటు ముందు పడే పడిగాపులు మరువరానివి. కాబట్టి మిల్లు పోయిందని కన్నీరు కార్చడం కంటె, మిల్లు పోయిన చోట ఏది రావాలో ఎవరు నిర్ణయించారు అని విచారించడం ముఖ్యం.

వేరొక మార్గాన నడిచిన పట్టణం అమెరికాలోని లోవెల్. మెర్రిమాక్ నది సుమారు 32 అడుగులు దిగే చోట 1820 దశకంలో కాలువలు తవ్వి, ఆ నీటి బలంతో మిల్లులు నడిపారు. పల్లెల నుండి వచ్చిన రైతు బిడ్డలు అక్కడి తొలి కార్మికులు. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు దక్షిణ రాష్ట్రాలకు తరలిపోగా లోవెల్ దశాబ్దాలపాటు ఈసురోమన్నది. 1978లో ఆ మిల్లులను, కాలువలను కలిపి జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. ఇది ఎవరో దాత చేసిన పని కాదు. పాడుబడిన మిల్లులే మా పాఠశాల అన్న స్థానిక విద్యావేత్తల పట్టుదల దాని వెనుక ఉన్నది. మిల్లు భవనాలలో కొన్ని మ్యూజియములయ్యాయి, ఎక్కువ భాగం నివాసాలు, కార్యాలయాలు అయ్యాయి. అదే కాలంలో వాంగ్ అనే కంప్యూటరు సంస్థ ఆ ఊరిలో దాదాపు 6 కోట్ల డాలర్లతో కొత్త గోపురాలు కట్టింది. ఊరంతా ఆ సంస్థను చూసి మురిసింది. 1992లో సంస్థ దివాలా తీసింది. 1994లో ఆ గోపురాలు వేలంలో 5,25,000 డాలర్లకు పోయాయి. నూటయాభై ఏళ్ల ఇటుక గోడలు నిలిచాయి, పదిహేనేళ్ల మేడల విలువ ఆవిరైంది. ఒకే సంస్థను నమ్ముకున్న పట్టణం, అది మిల్లయినా కంప్యూటరయినా, ఒకే చోట తడబడుతుంది. అయితే లోవెల్‌లో నేల ధర బొంబాయి నేల ధర కాదన్నది మరువరాదు. గిరాకీ లేని చోట పాత భవనాన్ని నిలపడం తేలిక. గిరాకీ ఉన్న చోట నిలపడమే పరీక్ష.

ఇక మన ఇంటి సంగతి. వరంగల్‌లో అజంజాహీ మిల్లు 1934లో ఏర్పడింది. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి సాయంతో వెలసి, యువరాజు ఆజంజా పేరు ధరించిన ఆ మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, 2002లో మూతపడింది. యంత్రాలు అమ్ముడుపోయాయి, భవనాలు నేలమట్టమయ్యాయి, నేల ఇళ్ల స్థలాలుగా చీలింది. మేము విద్యార్థులతో అక్కడికి వెళ్లినప్పుడు స్పిన్నింగులో పనిచేసిన ఒక వృద్ధుడు, "మిల్లు కూత వింటేనే ఊళ్లె పొయ్యి రాజేసేది బిడ్డా, ఇప్పుడు ఎవరి గడియారం వాళ్లదే" అన్నాడు. ఆయన చూపించిన దిక్కున మాకు ప్లాట్ల హద్దురాళ్లు మాత్రమే కనిపించాయి. 2017 అక్టోబరులో వరంగల్‌కు సమీపాననే గీసుగొండ ప్రాంతంలో కాకతీయ జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. జౌళి పరిశ్రమ వరంగల్‌కు తగనిదై మిల్లు పోలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది. ఆ పాత వడుకు మేడ ఒక్కటైనా మిగిలి ఉంటే నేత శిక్షణాలయానికో, మ్యూజియమునకో వేరే కట్టడం వెదకవలసిన పని ఉండేది కాదు.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ గట్టున 1920లో నెలకొల్పిన విద్యుత్ కేంద్రం ఉండేది. అది కూల్చగా మిగిలిన ప్రాంతంలో నేడు ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ఉన్నది. లండనులో థేమ్స్ నది గట్టున అటువంటిదే అయిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 1981లో ఆగిపోగా, దానిని కూల్చక 2000లో టేట్ మోడరన్ చిత్రశాలగా తెరిచారు. రెండూ నీటి గట్టు కట్టడాలే, రెండింటికీ పని పోయినదే. మన నగరంలో మంచి ఉదాహరణ లేకపోలేదు: సైఫాబాదు టంకశాల భవనంలో 2022లో నాణేల మ్యూజియం ప్రారంభమైంది. నాణెం ముద్రించిన గదిలోనే నాణెం చరిత్ర చదువుకోవడం మన విద్యార్థులకు దగ్గరలోనే లభించే భాగ్యం.

ఆజామాబాదు పారిశ్రామికవాడ నిజాం కాలంలో కౌలుకు ఇచ్చిన ప్రభుత్వ భూమి. ఆ కౌళ్ల రద్దు, క్రమబద్ధీకరణల కొరకు 1992లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. 2025 నవంబరులో తెలంగాణా ప్రభుత్వం హైదరాబాదు పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని ప్రకటించింది. అవుటర్ రింగ్ రోడ్డు లోపల, దాని చుట్టుపట్ల ఉన్న 22 పారిశ్రామికవాడలలోని తొమ్మిదివేల ఎకరాలకు పైబడిన భూమిని, రిజిస్ట్రేషను విలువలో కొంత శాతం రుసుముగా చెల్లించి నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకోవచ్చునన్నది దాని సారాంశం. కాలుష్యం వెదజల్లే కార్ఖానాలు నివాసాల మధ్య నుండి తొలగడం మేలేనని ప్రభుత్వ పక్షం, పెరిగిన విలువలో ప్రజలకు అందేది తక్కువని ప్రతిపక్షం వాదించాయి. మా పక్షం ఏదని విద్యార్థి అడిగితే, కార్ఖానాలు తరలడానికి మేము వ్యతిరేకులం కాము; బొంబాయి 1991 నిబంధన వంటి పంపకం లేకపోవడాన్నే మేము లోపంగా భావిస్తున్నాము. రుసుము ఖజానాకు చేరుతుంది. ఉద్యానం, సామాన్యుని ఇల్లు, పనివాని చౌక అద్దె షెడ్డు ఆ పేటలోనే రావాలంటే డబ్బు కాదు, నేలే కావాలి.

ఈ సంవత్సరం మా శాఖ విద్యార్థులు జట్లుగా ఏర్పడి ఆజామాబాదు వీథులలో నిలిచి ఉన్న పాత షెడ్లను లెక్కించే పని ప్రారంభించారు. కప్పు ఏ రకానిది, స్తంభాలు ఇనుపవా రాతివా, లోపల ఇప్పుడు ఏమి నడుస్తున్నది, ఎందరు పనిచేస్తున్నారు అనేవి వారి ప్రశ్నలు. పట్టికను ఉర్దూలోను తెలుగులోను తయారుచేస్తున్నారు. ఇంతవరకు పూర్తి అయినవి రెండు వీథులు.